మిర్చి కోల్డ్ స్టోరేజీకి సాఫ్ట్‌వేర్ కట్టించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగింది ఇదీ: గుంటూరు దగ్గర మీకు రెండు మిర్చి కోల్డ్ స్టోరేజీలున్నాయి, రెంటికీ కలిపి లక్షన్నర టిక్కీల (మిర్చి బస్తాల) దాకా పడతాయి. ఇప్పటిదాకా నడిచేదంతా రిజిస్టర్లు, బాండు (సరుకు పెట్టినవారికి ఇచ్చే రసీదు) పుస్తకాలు, లెక్కలకు ట్యాలీ సాఫ్ట్‌వేర్. సాఫ్ట్‌వేర్ కట్టించుకుందామని ఇద్దరు డెవలపర్లను పిలిస్తే ఒకరు "మీకేం కావాలో మొత్తం రాసి సంతకం పెట్టండి, ఎనిమిది నెలల్లో అంతా ఇస్తాం" అన్నారు. రెండోవారు "రాసుకోవడాలేమీ వద్దు, రెండు వారాలకోసారి కొంచెం కొంచెం చూపిస్తాం, నెలకింత ఇవ్వండి" అన్నారు. ఎవరి మాట వినాలి, వచ్చే సీజనుకు అందుతుందా?

ఇద్దరి మాటా సగం సగమే వినండి. లాటు (ఒకరు ఒకసారి తెచ్చి పెట్టిన సరుకు) ఖాతాను, అంటే ఏ సరుకు ఎక్కడుంది, ఎవరిది, దాని మీద ఇంకెవరికి హక్కుంది అన్న లెక్కను, ముందే కాగితం మీద పూర్తిగా తేల్చుకోండి. మిగతాదంతా విడతలుగా కట్టించండి. ఆ విడతలు డెవలపర్ వీలును బట్టి కాకుండా మిర్చి సీజనును బట్టి ఉండాలి. అక్టోబరులో మొదలుపెడితే ఫిబ్రవరి దిగుమతికి (సరుకు స్టోరేజీలో దించే పనికి) మొదటి విడత అందుతుంది. మొత్తం అందదు. అందాల్సిన పని కూడా లేదు.

ఎందుకంటే సాఫ్ట్‌వేర్‌లో అన్ని మార్పులకూ ఒకటే ఖరీదు ఉండదు. స్క్రీను మీద గడి జరపడం, బాండు మీద అక్షరాలు పెద్దవి చేయడం, కొత్త రిపోర్టు కలపడం ఒకటి రెండు రోజుల పని. సరుకు లెక్క దాచుకునే తీరు మార్చాలంటే మాత్రం అప్పటికే ఎక్కించిన వేల లాట్లను మళ్ళీ సరిచేయాలి. మారిస్తే చౌకగా పోయేవాటిని చూస్తూ సరిచేసుకోవచ్చు, మారిస్తే కొంప మునిగేవాటిని ముందే ఆలోచించుకోవాలి. మీ వ్యాపారంలో ఈ రెండో రకం ఒక్కటే ఉంది, అది లాటు ఖాతా.

లాటు ఖాతాలో సాధారణంగా జరిగే తప్పు

చాలామంది ఒక లాటుకు ఒక వరస పెట్టేస్తారు: పేరు, ఊరు, టిక్కీలు, చాంబరు, లోను ఉందా లేదా. రిజిస్టరులో అలాగే ఉంటుంది కాబట్టి సహజంగానే తోస్తుంది. ఇది ఎక్కడ తెగుతుందో చూడండి.

లాటు 1847, రైతు పేరున 120 టిక్కీలు. మార్చిలో ఆ బాండు మీద బ్యాంకు లోను ఇచ్చింది. జులైలో రైతు అందులో 50 టిక్కీలు వ్యాపారికి అమ్మాడు. గుమస్తా 120ని 70 చేసి, వ్యాపారి పేరున 50కి కొత్త లాటు తెరుస్తాడు. "లోను ఉంది" అన్న గుర్తు పాత వరసలోనే ఉండిపోతుంది. వారం తర్వాత వ్యాపారి లారీ వస్తుంది. కొత్త లాటు మీద లోను కనబడదు కాబట్టి 50 టిక్కీలు గేటు దాటిపోతాయి. బ్యాంకు కాగితంలో 120 ఉంటాయి, లోపల 70 ఉంటాయి. ఆ 50కి జవాబు చెప్పాల్సింది స్టోరేజీ యజమానే.

ఇందులో గుమస్తా తప్పు లేదు. మూడు వేరు వేరు సంగతులను ఒకే వరసలో ఇరికించడమే తప్పు. సరుకు ఎక్కడుంది (చాంబరు, అంతస్తు, వరస), ఎవరిది, ఎవరికి తాకట్టు: ఈ మూడూ వేర్వేరు రోజుల్లో, వేర్వేరు మనుషుల వల్ల, వేర్వేరు కాగితాల మీద మారతాయి. వాటిని విడివిడిగానే ఉంచమని డెవలపర్‌కు చెప్పండి. లాటు చీలితే పిల్ల లాటు (1847/1) తల్లి లాటు మీదున్న తాకట్టుతో సహా పుట్టాలి. ఎన్ని టిక్కీలకు విడుదలో అంకెలో రాసిన బ్యాంకు ఉత్తరం నంబరు ఎక్కించందే డెలివరీ చీటీ ప్రింటు కాకూడదు.

ఇక రెండో నియమం. నిల్వ అంకెను ఎవరూ నేరుగా దిద్దకూడదు. దిగుమతి, చాంబరు మార్పు, పేరు మార్పు, తాకట్టు, విడుదల, డెలివరీ, సవరణ: ఇవన్నీ కదలికలు. ప్రతి కదలికకూ తేదీ, లాటు, టిక్కీలు, ఆధారమైన కాగితం నంబరు, ఎక్కించిన మనిషి పేరు ఉండాలి. నిల్వ అనేది ఈ కదలికల కూడిక మాత్రమే. 85 కొట్టాల్సినచోట 58 కొడితే దాన్ని చెరపకండి. మైనస్ 58 ఒకటి, ప్లస్ 85 ఒకటి, కారణంతో సహా పడాలి. బ్యాంకు పుస్తకం నడిచేది ఇలాగే. దీనివల్ల ఇంకో లాభముంది: చాంబర్ల వారీగా కూడినా, సరుకు యజమానుల వారీగా కూడినా మొత్తం ఒకటే రావాలి. రాకపోతే ఆ రాత్రికే తెలిసిపోతుంది, డిసెంబరు దాకా ఆగక్కర్లేదు.

మీది ప్రైవేట్ లిమిటెడ్ అయితే, దిద్దుబాట్ల చరిత్ర ఆపడానికి వీల్లేకుండా నమోదయ్యే అకౌంటింగ్ సాఫ్ట్‌వేరే వాడాలన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలకు అమలులో ఉంది. అద్దె బిల్లులు ఈ కొత్త సాఫ్ట్‌వేర్‌లోనే పుడితే మీ ఆడిటరు దీన్నీ ఆ కంటితోనే చూస్తారు.

రేట్లు

అద్దె, ముఠా (బస్తాలు మోసే హమాలీల జట్టు) కూలి, బీమా, యజమాని మాట ఇచ్చిన తగ్గింపు రేటు: ఏదీ ప్రోగ్రాములో రాసి పెట్టకూడదు. "ఏ తేదీ నుంచి, ఏ రేటు" అని పట్టికలో ఉండాలి. ముఠా రేటు ఒప్పందం మారిన ప్రతిసారీ డెవలపర్‌కు ఫోను చేయాల్సి వస్తే అది మీ సాఫ్ట్‌వేర్ కాదు, ఆయన సాఫ్ట్‌వేర్. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీలో 12%, 28% శ్లాబుల్లోని ఎక్కువ సరుకులు 5%, 18%లోకి వచ్చాయి. తేదీతో కూడిన పట్టిక ఉంటే అలాంటి రోజున ఒక వరస కలిపితే సరిపోతుంది. పాత బిల్లు మళ్ళీ ప్రింటు తీసినా పాత రేటే వస్తుంది. మీ అద్దెకు పన్ను వర్తిస్తుందా, ఏ పరిస్థితిలో వర్తించదు అన్నది ఆడిటరు దగ్గర రాతలో తీసుకుని డెవలపర్‌కు ఇవ్వండి. ఈ విషయంలో ఆయన్ను ఊహించనివ్వకండి.

ఏం కావాలో తెలుసుకునే పద్ధతి

సమావేశం పెట్టి "మీకేం కావాలి" అని అడిగితే అందరూ యజమాని ముఖం చూసి రిపోర్టులు కావాలంటారు. అందులోంచి పనికొచ్చేది రాదు. ఇలా చేయండి.

నిరుటి రిజిస్టరు తీసి కొట్టివేతలు, పక్కన గీకిన రాతలు, పిన్ను కొట్టిన చీటీలు ఉన్న పేజీలకు గుర్తు పెట్టండి. ప్రతి కొట్టివేత వెనుకా సాఫ్ట్‌వేర్ ఎదుర్కోవాల్సిన ఒక పరిస్థితి ఉంటుంది. శుభ్రంగా ఉన్న వరసలు ఎవరికైనా అర్థమవుతాయి. బాండు పోయింది, రైతు చనిపోతే కొడుకులిద్దరూ వచ్చారు, శాంపిల్‌కు తీసిన కాయ తిరిగి రాలేదు, సంచి చినిగితే రెండు టిక్కీలు ఒకటయ్యాయి, 'తాలు' (రంగు పోయిన నాసి కాయ) వేరుచేసి తిరిగి పెట్టారు, లారీ సగం దించి రెండో యూనిట్‌కు పోయింది. ఇలాంటివి ముప్పై నలభై తేలతాయి. ఒక్కొక్కటి ఒక చీటీ మీద రాసి, పక్కన "ఇప్పుడు ఏం చేస్తున్నాం, ఎవరు సరేనంటారు" అని రాయండి. సంతకం పెట్టాల్సిన అసలు పత్రం ఇదే. ఎనభై పేజీల ఇంగ్లీషు దస్తా మీ ముందు పెడితే చదవకుండానే సంతకం పెడతారు.

రెండోది, గుమస్తా జేబులో ఉండే చిన్న పుస్తకం. రిజిస్టరులో చోటు లేని సంగతులు అందులో ఉంటాయి: ఏ వ్యాపారి సరుకు ముందు అంతస్తులో పెట్టాలి, ఎవరి బాకీ తీరేదాకా డెలివరీ ఆపాలి. దాన్ని లాక్కోవద్దు. ఆయన పక్కన రెండు రోజులు కూర్చుని, ఎప్పుడెప్పుడు ఆ పుస్తకం తీస్తున్నారో చూడమని డెవలపర్‌కు చెప్పండి.

మూడోది, మీరే తేల్చాల్సిన పాలసీలు. ముఖ్యంగా తూకం సంగతి. తేమను బట్టి మిర్చి బరువు మారుతుంది. మీ బాధ్యత టిక్కీల సంఖ్యకా, కిలోలకా? బాండు మీద ఏం రాసి ఉందో, డెలివరీ రోజున నిజంగా ఏం జరుగుతోందో రెండూ ఒకటేనా? దీనికి జవాబు కంప్యూటర్‌లో దొరకదు.

రైతు పేరు గురించి ఒక మాట. ఒకే ఊళ్ళో నలుగురు శ్రీనివాసరావులుంటారు. ఇంగ్లీషులో కొడితే ఒక్క శ్రీనివాసరావే ముగ్గురవుతాడు. పేరును పట్టాదారు పాస్‌బుక్‌లో ఉన్నట్టు తెలుగులోనే ఎక్కించండి, తండ్రి పేరు, ఊరు, ఫోను కలపండి, లోపల మాత్రం మీ సొంత ఖాతా నంబరు ఉండాలి. ఫోను నంబరు వెతకడానికి బాగుంటుంది కానీ దాన్నే ఖాతా నంబరుగా పెట్టొద్దు, మారుతుంది, ఇంటిల్లిపాదికీ ఒకటే ఉంటుంది. అవసరం లేని ఆధార్ కాపీలు పోగు చేయకండి. వ్యక్తిగత డేటాకు 2023 నాటి చట్టం ఉంది. దాచుకున్న ప్రతిదానికీ బాధ్యత మీదే.

కట్టించకూడనివి

లెడ్జర్లు, జీతాలు, హాజరు, ఉష్ణోగ్రత నమోదు. వీటికి బజారులో దొరికేవే మేలు. ట్యాలీ అలాగే ఉంచి, రోజు చివర అద్దె, కూలి వోచర్లు ఒక ఫైలుగా అందులోకి పోతే చాలు. మీ గిడ్డంగికి డబ్ల్యూడీఆర్ఏ (గిడ్డంగుల నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ ఉంటే ఎలక్ట్రానిక్ గిడ్డంగి రసీదులు ఎన్ఈఆర్ఎల్ లేదా సీసీఆర్ఎల్ రిపాజిటరీలోనే (ఆ రసీదుల లెక్క ఉంచే సంస్థలోనే) పుడతాయి. వాటి నంబరు మీ లాటులో దాచుకోండి, ఆ పనిని మళ్ళీ మీరు కట్టొద్దు. ఫోనులో యజమాని చూసుకునే రంగురంగుల గ్రాఫులు చివరి విడతకు నెట్టండి. అమ్మేవాళ్ళు మొదట చూపించేది అదే, అందుకే ఈ మాట.

సీజనే మీ ప్రాజెక్టు ప్లాను

మీ వ్యాపారంలో అదృష్టం ఏమిటంటే దిగుమతి ముందు, బరువైన డెలివరీలు తర్వాత. విడతలు తమంతట తామే తెగుతాయి.

అక్టోబరు మూడు వారాలు: కొట్టివేతల పని, లాటు ఖాతా కాగితం మీద. నవంబరు, డిసెంబరు: దిగుమతి ఎంట్రీ, బాండు ప్రింటు, చాంబరు కేటాయింపు, తాకట్టు, పేరు మార్పు, ఒక సాదా డెలివరీ స్క్రీను. సీజను మొదట్లోనూ కొద్దిపాటి సరుకు బయటికి పోతుంది కాబట్టి ఆ డెలివరీ స్క్రీను తప్పదు, అద్దె మాత్రం చేత్తో లెక్కేయవచ్చు. జనవరి: పరీక్ష, శిక్షణ. మేలో మిర్చి మార్కెట్ యార్డుకు వేసవి సెలవులు వచ్చేటప్పటికి పూర్తి అద్దె లెక్క, పాక్షిక డెలివరీలు, ట్యాలీకి పంపడం. దసరా తర్వాత బాకీల జాబితాలు, సీజను ముగింపు, యజమాని రిపోర్టులు.

రాకలు జోరుగా ఉన్న రోజుల్లో కొత్త వెర్షన్ ఎక్కించనివ్వకండి. ఎంత చిన్న మార్పయినా సరే.

అన్నీ ఒకే రోజు, రెండు యూనిట్లలో ప్రారంభించాలన్న ముచ్చట వదలండి. 1992 అక్టోబరు 26న లండన్ అంబులెన్స్ సర్వీసు నగరమంతటికీ ఒకేసారి కంప్యూటర్ డిస్పాచ్‌కు మారింది. బండ్లు ఎక్కడున్నాయన్న సమాచారం తప్పుగా చేరడంతో కాల్స్ పేరుకుపోయి, మర్నాటికే సగం పాత పద్ధతికి తిరిగి రావాల్సి వచ్చింది. నవంబరు 4న సర్వర్ ఆగిపోయి పూర్తిగా కాగితానికి మళ్ళారు. మీరు చిన్న యూనిట్‌తో మొదలుపెట్టి, రెండు వారాలు చూసి, రెండోదానికి పోండి.

మీ ఇద్దరు డెవలపర్ల వాదం కూడా పాతదే. "అంతా ముందే" పద్ధతికి మూలమని చూపించే మెట్ల బొమ్మ 1970లో విన్‌స్టన్ రాయిస్ అనే సాఫ్ట్‌వేర్ నిపుణుడు గీసింది. అదే వ్యాసంలో ఆయన, పరీక్ష చివరికి వస్తుంది కాబట్టి ఉన్నదున్నట్టు చేస్తే ప్రమాదమని రాశారు. విడతల పద్ధతికి మూలమని చెప్పే, 2001లో పదిహేడు మంది రాసిన అజైల్ ప్రకటనలోనూ పత్రాలు అక్కర్లేదని లేదు, నడిచే సాఫ్ట్‌వేర్‌కు ఎక్కువ విలువిస్తామని ఉంది. ఇద్దరూ మూలంలోంచి తమకు కావాల్సిన సగమే తెచ్చారు.

పరీక్ష ఇలా

డెవలపర్ చూపించే డెమోలో ఎప్పుడూ రాముడు, కృష్ణుడు, పది పది టిక్కీలు ఉంటాయి. దాన్ని పరీక్ష అనుకోవద్దు. నిరుటి ఒక్క చాంబరు రిజిస్టరును మొదటి నుంచి చివరి దాకా మీ గుమస్తాలే ఎక్కించాలి. మూడు నాలుగు వందల లాట్లు ఉంటాయేమో, వారం పని. చివరి నిల్వ, వసూలైన అద్దె రిజిస్టరుతో కలవాలి. కలవకపోతే తప్పు ఎప్పుడూ ప్రోగ్రాముదే కాదు, రిజిస్టరు తప్పులూ బయటపడతాయి. ఆ తర్వాత ఇవి:

- 30 టిక్కీలు మిగిలిన లాటు మీద రెండు కౌంటర్లలో ఒకేసారి 20, 20కి డెలివరీ కొట్టండి. రెండోదాన్ని ఆపాలి. చాలా ప్రోగ్రాములు ఇక్కడే మైనస్ 10 చూపిస్తాయి.
- తాకట్టులో ఉన్న లాటును చీల్చి, పేరు మార్చి, మళ్ళీ చీల్చి, డెలివరీ అడగండి.
- బాండు ప్రింటు మధ్యలో కరెంటు తీసేయండి. నంబరు పోయిందా, రెండుసార్లు పడిందా చూడండి.
- సీజను మధ్యలో అద్దె రేటు మార్చి, నిన్నటి బిల్లు తిరిగి ప్రింటు తీయండి.

మారే రోజు

డిసెంబరు, జనవరిలో చాంబర్లు బాగా ఖాళీ అవుతాయి కాబట్టి అదే సమయం. పాత రిజిస్టర్లన్నీ ఎక్కించాలని కూర్చోవద్దు, డబ్బు దండగ. మిగిలి ఉన్న లాట్లు మాత్రం చాంబరులోకి వెళ్ళి లెక్కబెట్టి, లెక్కబెట్టిన అంకెనే ప్రారంభ నిల్వగా ఎక్కించండి. రిజిస్టరుకూ దానికీ ఉన్న తేడాను వేరే జాబితాలో రాసి యజమాని సంతకం తీసుకోండి. చప్పుడు చేయకుండా సర్దేస్తే ఆ తేడా జూన్‌లో సాఫ్ట్‌వేర్ నెత్తిన పడుతుంది.

తర్వాత మూడు వారాలు రిజిస్టరు, కంప్యూటర్ రెండూ నడపాలి. రోజూ సాయంత్రం మూడు అంకెలు పక్కపక్కన రాయండి: గేటు దగ్గర లెక్క, కంప్యూటర్‌లో దిగుమతి, ముఠా మేస్త్రీ చీటీ. మూడింటిలో మేస్త్రీ చీటీనే ఎక్కువ నమ్మండి. ముఠా కూలి టిక్కీకింత అని వస్తుంది కాబట్టి వాళ్ళు ఒక్కటి కూడా తక్కువ లెక్కపెట్టరు. ఎక్కువ రాసినా గేటు లెక్కతో పట్టుబడుతుంది. తేడా వచ్చిన రోజు తేలేదాకా మర్నాటి ఎంట్రీ తెరవొద్దు.

చాంబర్ల లోపల ట్యాబ్లెట్ల ఆలోచన మానుకోండి. దళసరి గోడలకు సిగ్నల్ అందదు, చలిలోంచి బయటికి తెస్తే పరికరం మీద నీరు పడుతుంది, గ్లౌజులతో వేలు పని చేయదు. లోపల ముద్రించిన చీటీ, పెన్సిలు, బయట ఆఫీసులో ఎంట్రీ. ఇది వెనకబాటు కాదు. సర్వరు మీ ఆఫీసులోనే ఉండి, ఇంటర్నెట్ పోయినా బాండు ప్రింటయ్యేలా ఉండాలి. బ్యాకప్ మూడు కాపీలు, రెండు రకాల పరికరాల మీద, ఒకటి వేరే ఊళ్ళో లేదా క్లౌడ్‌లో. నెలకోసారి ఆ కాపీని వేరే కంప్యూటర్‌లో తెరిచి మొత్తం టిక్కీలు కలుస్తున్నాయా చూడండి. ఎన్నడూ తెరిచి చూడని బ్యాకప్ ఉన్నా లేనట్టే.

ఒప్పందం

నెలజీతంలా ఇవ్వొద్దు, సగం ముందే ఇవ్వొద్దు. లాటు ఖాతా పత్రం ఒప్పుకున్నాక 15%, దిగుమతి రెండు వారాలు నిజంగా నడిచాక 35%, అద్దె, డెలివరీ నడిచాక 30%, సీజను ముగింపు లెక్క కలిశాక 20%. ఈ అంకెలు కాస్త అటూ ఇటూ కావచ్చు. ఏ వాయిదా అయినా "ఇచ్చాం" అన్న మాట మీద కాకుండా "వాడుతున్నారు" అన్న దాని మీద ఆధారపడాలి. సోర్స్ కోడ్ (డెవలపర్ రాసిన అసలు ప్రోగ్రాము) ప్రతి విడత చివరా మీకు చేరాలి, క్లౌడ్ ఖాతా, డొమైన్, డేటాబేసు పాస్‌వర్డ్ మీ పేరున ఉండాలి. మీ వైపు నుంచి ఒక్క మనిషికే నిర్ణయాధికారం ఇవ్వండి, ఆయనకు రోజుకు రెండు గంటలు వేరే పని పెట్టకండి. తండ్రి ఒకటి, కొడుకు ఒకటి, మేనేజరు ఒకటి చెప్పే చోట ఏ పద్ధతీ నిలవదు. నా లెక్కలో డెవలపర్ ఎంపిక కన్నా ఇదే ముఖ్యం.

ఎంట్రీలు రద్దు చేసే హక్కు గుమస్తాకు వద్దు, డెవలపర్‌కు అసలే వద్దు. తాకట్టు విడుదలకు ఇద్దరి లాగిన్లు కావాలి. అందరూ ఒకే పాస్‌వర్డ్ వాడితే పైన రాసిన "ఎవరు ఎక్కించారు" అన్నదానికి అర్థం పోతుంది. గుమస్తాలు ఇబ్బంది పడేది కూడా ఇక్కడే, తమ మీద నిఘా అనుకుంటారు. తప్పు ఎవరిదో నమోదవుతుందంటే తప్పు తమది కాదని కూడా నమోదవుతుందని బ్యాంకు తాకట్టు ఉదాహరణతోనే చెప్పండి, వెంటనే ఎక్కుతుంది.

చివరిగా రిజిస్టరు ఆపడం. మూడు వారాల్లో వరసగా ఆరు రోజులు మూడు అంకెలూ కలిస్తే ఆపేయొచ్చు. తేదీ ముందే చెప్పండి. ఆ సాయంత్రం ఆఖరి వరస కింద గీత కొట్టి, తేదీ వేసి, సంతకం పెట్టి బీరువాలో పెట్టి తాళం వేయండి. కౌంటరు మీదే వదిలేస్తే మర్నాడు ఎంట్రీ అందులోనే పడుతుంది, కంప్యూటర్‌కు శనివారం శనివారం ఎక్కిస్తారు.